స్టాఫ్‌రూమ్ మాట రికార్డుకు ఎందుకు ఎక్కదు?

రోలుగుంట మండలంలోని చాలా ప్రాథమిక పాఠశాలలు ఒకరిద్దరు టీచర్లతో నడుస్తాయి. వంట చేసే ఆమెనూ, ఆయానూ కలుపుకున్నా లెక్క పదికి చేరదు. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టడానికి 2013లో వచ్చిన చట్టం సరిగ్గా ఆ పది దగ్గరే గీత గీసింది. పది మంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువ మంది ఉన్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, జిల్లాకొకటిగా ఉండే స్థానిక కమిటీ దగ్గరకు వెళ్లాలి. రోలుగుంట వాళ్లకు ఆ జిల్లా కేంద్రం 2022 ఏప్రిల్ 4 దాకా విశాఖపట్నం, ఆ తర్వాత అనకాపల్లి. దూరం తగ్గిన మాట నిజమే. అయినా అర్ల పంచాయతీ కొండల మీది గూడెంలో పాఠం చెప్పి దిగివచ్చే టీచరు, చోడవరం మీదుగా బస్సులు మారి జిల్లా కేంద్రంలో ఏ గది తలుపు తట్టాలో వెతుక్కోవాలంటే ఒక రోజు సెలవు పెట్టాలి. ఆ సెలవు ఎందుకో బడిలోనూ చెప్పాలి, ఇంట్లోనూ చెప్పాలి.

చట్టం రాసినవాళ్లు ఈ దూరాన్ని ఊహించకపోలేదు. గ్రామీణ, గిరిజన ప్రాంతాల్లో మండల స్థాయిలో ఒక నోడల్ అధికారి ఉండాలనీ, ఆయన గానీ ఆమె గానీ ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో జిల్లా కమిటీకి పంపాలనీ ఆరో సెక్షన్ చెబుతుంది. చట్టం వచ్చి పదేళ్లు దాటాక కూడా ఈ ఏర్పాటు దేశంలో చాలా చోట్ల కాగితం మీదే ఉండిపోయింది. అందుకే సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 3న గడువులు పెట్టి మరీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది: డిసెంబరు 31లోగా జిల్లా అధికారులు, 2025 జనవరి 31లోగా స్థానిక కమిటీలు. ఆ ఆదేశాలకు మూలం ఒక విశ్వవిద్యాలయం కేసు కావడం గమనించాలి. గోవా విశ్వవిద్యాలయంలో ఒక విభాగాధిపతి మీద 2009లో విద్యార్థినులు ఫిర్యాదు చేశారు. కమిటీ విచారణను హడావుడిగా ముగించింది. ఉద్యోగం నుంచి తొలగించిన ఉత్తర్వును 2023 మేలో సుప్రీంకోర్టు పక్కన పెట్టి, విచారణ మళ్లీ సక్రమంగా జరపమంది. నోరు తెరిచి చెప్పిన ఆడపిల్లలకు పద్నాలుగేళ్ల తర్వాత దక్కింది మరో విచారణ. ఈ సంగతి పత్రికల్లో చదివిన ఏ అధ్యాపకురాలైనా తన మాట గురించి ఆలోచనలో పడదా?

కమిటీలన్నీ రేపే ఏర్పడ్డాయనుకుందాం. నోడల్ అధికారి పేరు మండల కార్యాలయం గోడ మీద రాశారనుకుందాం. అప్పుడు కూడా మన బడుల్లో, కళాశాలల్లో స్త్రీలు తమలో తాము రోజూ మాట్లాడుకునేదాంట్లో నూటికి తొంభై పాళ్లు ఆ కమిటీ ముందుకు రావు. ఎందుకంటే అవి ఫిర్యాదు రూపంలో ఉండవు.

నర్సీపట్నం నుంచో, చోడవరం నుంచో రోజూ వచ్చిపోయే టీచరమ్మలు భోజన విరామంలో ఏం మాట్లాడుకుంటారు? బస్సు గురించి. 2022 ఆగస్టులో ముఖ గుర్తింపు హాజరు వచ్చాక, బస్సు ఆలస్యం కావడమంటే బడికి ఆలస్యం కావడమే. ఇంట్లో నాలుగింటికి లేచి రెండు పూటలకూ వండి, పిల్లల డబ్బాలు కట్టి, అత్తగారి మాత్రలు తీసిపెట్టి పరిగెత్తేవాళ్లకూ, బండి మీద నేరుగా వచ్చేవాళ్లకూ యాప్‌లో గడియారం ఒకటే. మరుగుదొడ్డి గురించి మాట్లాడుకుంటారు. నీళ్లు తక్కువ తాగడం అలవాటైపోయిందని ఒకరంటే, తనకు మూత్రనాళ ఇన్ఫెక్షన్ ఎన్నోసారి వచ్చిందో ఇంకొకరు చెబుతారు. ‘స్వేచ్ఛ’ పథకం కింద ఏడు నుంచి ఇంటర్ దాకా చదివే ఆడపిల్లలకు నెలకు పది చొప్పున శానిటరీ నాప్కిన్లు ఇవ్వడం 2021 అక్టోబరులో మొదలైంది. మంచి పథకం. ఆ పంపకం, స్టాకు లెక్క, పిల్లలకు చెప్పాల్సిన నాలుగు మాటలు, అన్నీ ఒక మహిళా టీచరుకే అప్పగించారు. అది ఆమె బోధన గంటల్లోంచి తగ్గదు. ఆగస్టు పదిహేనుకు ముగ్గు ఎవరు వేయాలన్న ప్రశ్న ఎప్పుడూ రాదు. వచ్చిన అతిథికి బొకే ఇవ్వాల్సిందీ, స్వాగతగీతం నేర్పాల్సిందీ ఎవరో అడగక్కర్లేదు. మైకు పట్టుకుని సభ నడిపేది ఎవరో కూడా అడగక్కర్లేదు.

వీటిలో ఏ ఒక్కటీ నేరం కాదు. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ ఫిర్యాదు పెట్టేంత పెద్దదీ కాదు. అన్నీ కలిపితే అది ఒక ఉద్యోగ జీవితం. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎవరు ఇన్‌చార్జి ప్రధానోపాధ్యాయులయ్యారు, ఎవరికి పదో తరగతి గణితం ఇచ్చారు, ఎవరిని శిక్షణలకు రిసోర్స్‌పర్సన్‌గా పంపారు, ఎవరు ఇంటికి దగ్గర బడి కోసం పదోన్నతినే వదులుకున్నారు అన్నవి ఈ చిన్న చిన్న పనుల పంపకంలోంచే తేలతాయి. బదిలీల కౌన్సెలింగ్ ముందు, దంపతులిద్దరూ ఉద్యోగులైతే వచ్చే స్పౌజ్ పాయింట్లు లెక్కపెట్టుకునే సంభాషణ వినండి. నాలుగో కేటగిరీ బడిలో ఎక్కువ పాయింట్లు వస్తాయి గానీ అక్కడికి బస్సు లేదు, బిడ్డ చిన్నది, ఆయన ఒప్పుకోరు. అంకెల్లో సాగే ఆ మాటల్లో ఒక సంసారంలో ఎవరి ఉద్యోగం స్థిరం, ఎవరి ఉద్యోగం సర్దుబాటు అనేది పూర్తిగా వినిపిస్తుంది. దాన్ని వివక్ష అని ఆ టీచరు అనదు. ‘మన తిప్పలు’ అంటుంది.

మరో సంగతి. ఈ మాట వినే మనిషిని బట్టి మారిపోతుంది. పక్క కుర్చీలో ఉన్న స్నేహితురాలితో చెప్పినప్పుడు అందులో కోపం ఉంటుంది, పేర్లుంటాయి. ప్రధానోపాధ్యాయుడి బల్ల ముందుకు వచ్చేసరికి అది అభ్యర్థన అవుతుంది: ‘సార్, ఈ ఒక్కసారికి’. సంఘం సమావేశంలో అసలు రాదు. అక్కడి ఎజెండా పీఆర్‌సీ, డీఏ బకాయిలు, పాత పెన్షను. అవన్నీ ఆమెకూ కావలసినవే, కాదనడం లేదు. కానీ బడిలో పని ఎవరి మధ్య ఎలా పంచుతున్నారన్నది ఎజెండాకెక్కదు. ఇక ఇంటికి వెళ్లాక, ‘ఉద్యోగం మానెయ్ అంటే మానవు కదా’ అన్న జవాబు వస్తుందని తెలిసినదానికి నోరెత్తడం ఎందుకు? ఒకే స్త్రీ నాలుగు చోట్ల నాలుగు రకాలుగా మాట్లాడుతోందంటే ఆమెకు చైతన్యం లేదని కాదు. ఎక్కడ ఎంత చెబితే ఎంత నష్టమో ఆమెకు కచ్చితంగా తెలుసు. మహిళా ఉపాధ్యాయులకు మేలుకొలుపు సదస్సులు పెట్టమనే సలహా ఎవరైనా ఇచ్చినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. మేలుకోవలసింది వాళ్లు కాదు.

పైగా వాళ్ల నోటికి తాళం వేసే మాట ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: ‘లేడీస్ ఎక్కువైతే లీవులు ఎక్కువ’. ప్రసూతి సెలవు, మహిళా టీచర్లకు ఏడాదికి అదనంగా ఉన్న అయిదు క్యాజువల్ లీవులు, 2022 మార్చిలో 180 రోజులకు పెంచిన శిశు సంరక్షణ సెలవు, వీటన్నిటినీ హక్కులుగా కాక దయగా లెక్కగట్టే మాట అది. ఈ మాట అనేవాళ్లు మరచిపోయే చరిత్ర కూడా ఒకటుంది. ప్రభుత్వోద్యోగాల నియామకాల్లో స్త్రీలకు 30 శాతం కేటాయింపును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో తెచ్చింది. దాని మీద వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పి.బి. విజయకుమార్ కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో 1995లో కోర్టు ఆ నిబంధనను నిలబెట్టింది. ఆ మరుసటి ఏడాది అది మూడో వంతుకు పెరిగింది. డీఎస్సీల్లో ఊరూరి ఆడపిల్లలు టీచర్లయి బడి మెట్లెక్కడం వెనక ఈ పోరాటం ఉంది. ఇవాళ దేశం మొత్తం మీద బడిపంతుళ్లలో సగానికి పైగా స్త్రీలే. దేశంలోని బడుల వివరాలు సేకరించే యూడైస్ 2024-25 లెక్కల్లో వాళ్లు 54.2 శాతం. ఉన్నత విద్యకు వెళితే దృశ్యం మారుతుంది. 2021-22 జాతీయ సర్వేలో ప్రతి వందమంది పురుష అధ్యాపకులకు 77 మంది స్త్రీలు. కళాశాల, విశ్వవిద్యాలయం అంటూ పైకి పోయేకొద్దీ ఆడవాళ్ల కుర్చీలు తగ్గుతాయి. కుర్చీలు తగ్గినచోట గొంతు ఇంకా తగ్గుతుంది.

గొంతు ఎలా పెరుగుతుందో చెప్పడానికి దూరదేశపు ఉదాహరణ ఒకటి చూడాలి. అమెరికాలోని ఎంఐటీలో నాన్సీ హాప్కిన్స్ అనే జీవశాస్త్రవేత్త తనకు ప్రయోగశాలలో చోటు చాలడం లేదని ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. ఎవరూ నమ్మలేదు. ఆమె టేపు తీసుకుని గదులు కొలిచారు. తనకంటే జూనియర్లయిన పురుషులకు ఉన్నంత చోటు కూడా తనకు లేదని తేలింది. అప్పటికి ఆ సైన్స్ విభాగాల్లో శాశ్వత హోదా ఉన్న పురుషులు 194 మంది, స్త్రీలు 15 మంది. ఆ 15 మందిలో చాలామంది ఇది తనొక్కదాని సమస్యే అనుకున్నారు, బహుశా తన పనిలోనే లోపం ఉందనుకున్నారు. 1994లో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టాక అందరి కథా ఒకటేనని తెలిసింది. అందరూ కలిసి డీన్ దగ్గరకు వెళ్లారు. జీతాలు, చోటు, కమిటీల్లో స్థానాలు లెక్కగట్టించారు. 1999లో బయటికి వచ్చిన నివేదికలో సంస్థ అధ్యక్షుడే వివక్ష ఉందని ఒప్పుకున్నారు. ప్రపంచ ప్రసిద్ధులైన ఆ శాస్త్రవేత్తలకు చదువు తక్కువా, ధైర్యం తక్కువా? పక్కగదిలోని మనిషితో పోల్చుకునే వీలు, చేతిలో ఒక కొలత, ఈ రెండూ దొరికేదాకా వాళ్ల మాట కూడా గొణుగుడుగానే మిగిలింది.

అంత దూరం పోకుండా మన ఊళ్లోనే ఇంకో సాక్ష్యం ఉంది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. 42 రోజులు రోడ్ల మీద కూర్చున్నారు. జనవరిలో ప్రభుత్వం వాళ్ల మీద సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. నెలకు 11,500 రూపాయలు వచ్చే కార్యకర్త, 7,000 వచ్చే ఆయా, ఉద్యోగ భద్రత అన్నదే లేనివాళ్లు, వేతనం, గ్రాట్యుటీ కావాలని మైకులో చెప్పారు. గ్రాట్యుటీ చట్టం వాళ్లకు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తేల్చింది. ఊరి పిల్లలకు తొలి చదువు చెప్పేది వాళ్లే. చీరకట్టు, ఫోన్‌లో యాప్‌లు, గర్భిణుల తూకాలు, పై అధికారుల మాటతీరు, ఇంట్లో మొగుడి సణుగుడు, అన్నీ ఆ శిబిరాల్లో బాహాటంగా చెప్పుకున్నారు. పర్మనెంట్ ఉద్యోగం ఉన్న టీచరు గుసగుసగా చెప్పేది, ఏ భద్రతా లేని అంగన్‌వాడీ ఆయా గొంతెత్తి చెప్పగలిగింది. తేడా చదువులో లేదు, జీతంలో లేదు. ఆమె పక్కన వేలమంది తనలాంటివాళ్లు కూర్చున్నారు. ఉపాధ్యాయ సంఘాలు ఈ సమ్మెకు సంఘీభావం చెప్పాయి. అంతటితో ఆగకుండా దాన్నుంచి నేర్చుకోవలసింది కూడా ఉంది. సహాధ్యక్షురాలు అనే పదవి ఒకటి పెట్టి, ఒక మహిళను వేదిక మీద కూర్చోబెట్టడం దగ్గరే సంతృప్తి పడితే ఆ పాఠం అందదు.

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల సంగతి ఇంకా ఆలోచించవలసినది. 2004లో కేంద్రం మొదలుపెట్టిన ఈ గురుకులాలు విద్యలో వెనకబడిన మండలాల ఆడపిల్లలకు ఎంత మేలు చేశాయో ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. అక్కడ ప్రత్యేకాధికారి నుంచి వంటమనిషి దాకా స్త్రీలే. పురుషాధిక్యం లేని పని ప్రదేశం కదా అనిపిస్తుంది. కానీ అక్కడి టీచర్లలో ఎక్కువమంది ఏటేటా ఒప్పందం కొత్తచేయించుకునే కాంట్రాక్టు ఉద్యోగులు. పగలు పాఠం, రాత్రి కాపలా డ్యూటీ, జ్వరం వచ్చిన పిల్లను ఆసుపత్రికి తీసుకుపోవడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. ఆడవాళ్లే చేసే పని గనుక అది తల్లితనంలో కలిసిపోయింది, తల్లితనానికి ఓవర్‌టైమ్ ఎవరిస్తారు? ఒప్పందం పొడిగించాల్సిన నెల దగ్గరపడుతుంటే ఏ టీచరైనా రాత్రి డ్యూటీల గురించి రాతపూర్వకంగా అడుగుతుందా?

విశ్వవిద్యాలయంలో భయం ఇంకో రకం. పీహెచ్‌డీ చేసే అమ్మాయి భవిష్యత్తు ఒక్క గైడ్ సంతకం మీద ఉంటుంది. స్త్రీలకు పరిశోధన గడువులో అదనంగా రెండేళ్లు, మొత్తం మీద 240 రోజుల ప్రసూతి సెలవు యూజీసీ నిబంధనల్లో ఉన్నాయి. వాటిని వాడుకుంటే ‘సీరియస్ కాదు’ అన్న ముద్ర పడుతుందని అమ్మాయిలు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఎవరి దగ్గర చేరవచ్చు, ఎవరి గదికి ఒంటరిగా వెళ్లకూడదు అన్న సమాచారం సీనియర్ నుంచి జూనియర్‌కు నోటిమాటగా అందుతూ వస్తుంది. 2017 అక్టోబరులో అమెరికాలో చదువుతున్న ఒక భారతీయ న్యాయవిద్యార్థిని ఇలాంటి సమాచారాన్నే జాబితాగా అందరి ముందూ పెట్టింది. విచారణ లేకుండా పేర్లు ప్రకటించడం సరికాదని ప్రసిద్ధ స్త్రీవాదులు కొందరు అభ్యంతరం చెప్పారు. కమిటీల మీద మీకున్న నమ్మకం మాకు లేదని చిన్నవాళ్లు జవాబిచ్చారు. నా మటుకు నాకు ఆరోపణకు గురైనవారి వాదన వినడం న్యాయానికి ప్రాణం అనిపిస్తుంది, గోవా కేసు చెప్పిందీ అదే. అయినా ఆ అమ్మాయిల అపనమ్మకం ఊరికే పుట్టలేదు. లైంగిక వేధింపులపై యూజీసీ 2015 నిబంధనల్లో ఉపకులపతులు, రిజిస్ట్రార్లు, డీన్లు, విభాగాధిపతులు ఫిర్యాదుల కమిటీలో సభ్యులుగా ఉండకూడదని స్పష్టంగా ఉంది. అంటే అధికారం ఉన్నచోట నోరు పెగలదని నిబంధన రాసినవాళ్లకే తెలుసు.

2013 చట్టంలోని రెండు సెక్షన్లు కళాశాలల్లో తలకిందులుగా ప్రచారమయ్యాయి. తప్పుడు ఫిర్యాదు చేస్తే చర్య ఉంటుందని పద్నాలుగో సెక్షన్ అంటుంది. అది అందరికీ తెలుసు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు తప్పుడుదైపోదని అదే సెక్షన్ చెబుతుంది, అది ఎవరూ చెప్పరు. పదహారో సెక్షన్ విచారణ వివరాలను పత్రికలకూ ప్రజలకూ వెల్లడించవద్దంటుంది. బాధితురాలి రక్షణకు పెట్టిన ఆ గోప్యతను ‘బయట నోరు మెదపకండి’ అని స్టాఫ్ మీటింగుల్లో హెచ్చరికగా వాడతారు. స్త్రీలు తమలో తాము మాట్లాడుకుని, పోల్చుకుని, ధైర్యం తెచ్చుకునే ఒక్క దారినీ అలా మూసేస్తారు. ఇక రాజీ విషయానికొస్తే, బాధితురాలు తనంతట తాను కోరితేనే దానికి వీలుంది, డబ్బుతో రాజీ అసలే కుదరదు. పెద్దమనుషులు కూర్చుని తేల్చేసే అలవాటున్న మన ఊళ్లలో ఈ ఒక్క నిబంధనైనా ప్రతి ఆడపిల్లకూ తెలియాలి.

‘మహిళా టీచర్లు’ అంటూ ఇంతదాకా ఒకే గొంతులా రాస్తూ వచ్చాను. ఆ గొంతులో కులం లేదని కాదు. స్టాఫ్‌రూమ్‌లో టిఫిన్ డబ్బాలు ఎవరి మధ్య మారతాయో, ఎవరి డబ్బా వాళ్ల ముందే మిగిలిపోతుందో దళిత టీచరును అడిగితే తెలుస్తుంది. తెలుగు స్త్రీవాదం తన ఒంటి గొంతు తనే వింటున్న రోజుల్లో, దళిత స్త్రీల రచనలను గోగు శ్యామల ‘నల్లపొద్దు’ సంకలనంగా 2003లో తెచ్చారు. మీ కష్టాలూ మా కష్టాలూ ఒకటి కావన్న మాట అప్పటికే సాహిత్యంలో నమోదైంది. బడుల్లో అది ఇంకా నమోదు కాలేదు. వంట గది వైపు చూస్తే ఇంకా స్పష్టం. మధ్యాహ్న భోజనం వండే ఆమెకు గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. బిల్లులు ఆలస్యమైతే అప్పుతెచ్చి సరుకులు కొనేదీ ఆమే. ‘ఏటి సేత్తాం మేడమ్’ అని ఆమె అన్నప్పుడు స్టాఫ్‌రూమ్‌లోని స్త్రీలు జాలిపడతారు, తమ సంభాషణలోకి మాత్రం ఆమెను కలుపుకోరు.

చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. చిన్న బడుల టీచర్లందరూ ఒకచోట కలిసే సందర్భం ఇప్పటికే ఒకటుంది. కాంప్లెక్స్ సమావేశం, ఇప్పుడు క్లస్టర్ అంటున్నాం. దానిలో ఒక గంట ఆ క్లస్టర్‌లోని మహిళలకు విడిగా కేటాయించాలి. అక్కడ అనుకున్నవి పేర్లు లేకుండా మినిట్స్‌లో రాసి మండల విద్యాధికారికి పంపాలి, వచ్చే సమావేశంలో జవాబు చదవాలి. ప్రతి ఉన్నత పాఠశాలలోనూ, డిగ్రీ కళాశాలలోనూ బోధనేతర పనుల పంపకాన్ని ఏడాదికోసారి పట్టికగా నోటీసుబోర్డు మీద పెట్టాలి: ముగ్గుతో సహా, నాప్కిన్ల స్టాకుతో సహా, ఇన్‌చార్జి బాధ్యతలతో సహా. ఎంఐటీలో టేపు చేసిన పని ఇక్కడ ఆ కాగితం చేస్తుంది. అంకె కళ్లముందుంటే గొంతు పెంచాల్సిన అవసరం సగం తగ్గుతుంది. పురుష సహోద్యోగుల్లో చాలామంది ఆ పట్టిక చూసి నిజంగా ఆశ్చర్యపోతారనే నా నమ్మకం. ఉద్దేశపూర్వకంగా ఎవరూ ఇలా పంచలేదు, ఎవరూ లెక్క చూడలేదు, అంతే.

రోలుగుంట మండల కార్యాలయం గోడ మీద, ప్రతి బడి గోడ మీద నోడల్ అధికారి పేరూ ఫోన్ నంబరూ తెలుగులో ఉండాలి. చదువురాని మనిషి వస్తే ఫిర్యాదు రాసిపెట్టడంలో కమిటీ సభ్యులు సాయం చేయాలని తొమ్మిదో సెక్షన్ చెబుతోందని ఆ అధికారికి తెలిసి ఉండాలి. ఎందుకంటే అలా వచ్చే మనిషి వంట చేసే ఆమె కావచ్చు. వేతనం ఉన్నా లేకపోయినా, పర్మనెంటు, కాంట్రాక్టు, రోజుకూలీ, స్వచ్ఛంద సేవ, ఏ పేరున పనిచేసినా ఈ చట్టం దృష్టిలో ఆమె ఉద్యోగే. గౌరవ వేతనం అంటూ జీతం దగ్గర ఆమెను కార్మికురాలిగా గుర్తించని ప్రభుత్వమే ఈ ఒక్క చట్టంలో ఆ హోదా ఇచ్చింది. ఆ సంగతి ఆమెకు మొదట చెప్పవలసింది అదే బడిలో పనిచేసే టీచరమ్మ.